కలపని ఆయిలు

తెనాలి,
12 జూన్ 2024

బావగారికి,

ప్రసాదు నమస్కారాలు. మీరు ట్రాలీ ఆటోలో పంపిన బండి నిన్న మధ్యాహ్నం భద్రంగా దిగింది. వీధిలో ముగ్గురం పట్టి కారు షెడ్డులోకి తోశాం. వెనక చక్రం తిరగనంది, ఈడ్చాల్సి వచ్చింది. కారేమో ఇప్పుడు బయట ఎండలో ఉంది. సంధ్యారాణి పొద్దున్నుంచీ దాన్ని చూసి, నన్ను చూసి, లోపలికి పోతోంది. "నడిచేది బయట, నడవనిది లోపలా?" అని ఒక్కసారి మాత్రం అడిగింది.

ఉత్తరం ఏంటని మీరు నవ్వుతారు. ఫోను చేస్తే అక్క ఎత్తి, నేను చెప్పింది మీ చెవి దగ్గర అరిచి, మీరు ఇంకేదో అనుకుని జవాబు చెప్పి, చివరికి ముగ్గురం విసుక్కుంటున్నాం. నలభై ఏళ్లు బోటు ఇంజను పక్కన నిలబడ్డ చెవులు మీవి, వాటినేమనగలం. ఫోనులో అక్షరాలు మీ కళ్లకి ఆనవంది అక్క. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో ఆయన రిజిస్టరు పోస్టా అని రెండుసార్లు అడిగాడు.

ఐటీఐలో పిల్లలకి ముప్పై ఏళ్లు ఫిట్టరు పని చెప్పాను గానీ, నా చేత్తో ఒక్క ఇంజనైనా మొదట్నుంచీ చివరిదాకా కట్టింది లేదు. రిటైరయ్యాక ఇదొక్కటి చెయ్యాలనుంది. మీ రాజ్‌దూత్‌నే ఎందుకు అడిగానో అక్క అడిగితే ఏదో చెప్పాను. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా దొడ్లో గోనెసంచుల కింద అది కనపడేది. నేను అటు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. మీరు గమనించారో లేదో.

ఇంజను విప్పి బాగుచేసి, ఒక్కసారి స్టార్టు చేసి మీకు చూపిస్తాను. ఆర్సీ పుస్తకం దొరికితే పంపండి.

మీ
వరప్రసాదం

---

రేపల్లె,
20 జూన్ 2024

ప్రసాదూ,

నీ ఉత్తరం అందింది. మీ అక్క పైకి చదవబోయింది. నాకు కళ్లున్నాయి ఇలా ఇమ్మని లాక్కుని చదువుకున్నాను. ఎన్నాళ్లయిందిరా నా పేరుతో ఇంటికి ఉత్తరం వచ్చి. పోస్టుమాస్టరు గారమ్మాయే తెచ్చిచ్చింది, ఈ రోజుల్లో ఉత్తరం అందుకునే మనిషిని చూడాలనిపించిందట.

ఇక్కడ అంతా మామూలే. ఎండలు తగ్గలేదు. మామిడికాయ బాగా దొరికింది, మీ అక్క నీ వాటా జాడీ విడిగా కట్టి పెట్టింది. నేను పొద్దున్నే నిజాంపట్నం పోయి హార్బర్లో ఓ గంట కూర్చుని వస్తున్నాను. ఇంజన్లు వినపడవు గానీ పొగ చూసి ఏ బోటు సరిగ్గా లేదో ఇప్పటికీ చెబుతాను.

బండి నీకిచ్చాను. నీ ఇష్టం. అమ్ముకుంటావో ఉంచుకుంటావో నేనడగను. ఒక్క మాట. టాంకు కడుక్కో, రంగు వేసుకో, చక్రాలు మార్పించుకో. ఇంజను జోలికి మాత్రం పోకు. హెడ్డు విప్పొద్దు. అందులో ఏమీ లేదు, పట్టేసిన ఇనుము. నడవకపోయినా షెడ్డులో చూడటానికి బాగానే ఉంటుంది. మా నాన్న ఎక్కిన చివరి బండి అది. లోపల కెలికి ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

ఆర్సీ దొరకలేదు. అమ్మ పెట్టెలో ఉండేది. ఆ పెట్టె తమ్ముడు చిట్టిబాబు దగ్గర, అడవులదీవిలో ఉంది. వాణ్ణి అడగను. నీకు తెలిసిందే.

సంధ్యారాణిని అడిగానని చెప్పు.

మీ బావ
కోటేశ్వరరావు

---

తెనాలి,
5 జులై 2024

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దాన్ని అమ్ముతానని ఎలా అనుకున్నారు? ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు.

మీరు వద్దన్న పని అప్పటికే సగం చేసేశాను. ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి డీజిలు, కిరసనాయిలు కలిపి పోసి పది రోజులు నానబెట్టాను. కిక్కు రాడ్డు రోజూ పొద్దున కాలితో మెల్లగా నొక్కి చూస్తున్నాను. రాయిలా ఉంది. ఈలోగా కార్బురేటరు తీసి విప్పాను. దాని గిన్నె అడుగున పొడిపొడిగా గోధుమరంగు మట్టిలాంటిది ఉంది. వేలితో రాస్తే జిడ్డు లేదు. చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. సంధ్యారాణి కాఫీ తెచ్చి, "ఏంటండీ, ఏమైనా పోయిందా?" అంది. ఏమీ లేదన్నాను.

బావగారూ, హెడ్డు విప్పొద్దని మీరెందుకు రాశారో నాకు అర్థమైంది. ఇన్నేళ్లుగా మీకు తెలుసని నేననుకోలేదు. తెలిసి కూడా మీరు ఒక్క మాటా అనలేదంటే, మీ ముందు తలెత్తి ఎలా నిలబడాలో తెలియడం లేదు. అయినా విప్పుతాను. కళ్లతో చూడకపోతే నాకు లాభం లేదు.

ఆవకాయ జాడీ అక్కడే ఉంచమనండి. నేను వచ్చి తీసుకుంటాను.

వరప్రసాదం

---

రేపల్లె,
16 జులై 2024

ప్రసాదూ,

నీకు అర్థమైందన్నావు. ఏం అర్థమైంది? నీకు ఎవరు చెప్పారు? ఆ రోడ్డు మీద మేమిద్దరమే ఉన్నాం. ఒకాయన పోయాడు.

నేను మరీ వేగంగా ఏమీ పోలేదు. జనం అన్నారు, అననీ. తాగి నడిపానన్నవాళ్లు కూడా ఉన్నారు. నేను ఏనాడూ ముట్టలేదని నీకు తెలుసు. చెరుకుపల్లి దాటాక ఇంజను పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుంది, బండి అడ్డం తిరిగింది. నాన్న తల వంతెన రాయికి తగిలింది. అంతే జరిగింది.

పెట్రోల్లో కలపాల్సిన ఆయిలు లేదని మెకానిక్కు అన్నాడు. నేనే కలపడం మర్చిపోయాను. మూడు రోజుల ముందు పోయించినప్పుడు కలిపాననే గుర్తు. ఎంత ఆలోచించినా కలిపినట్టే గుర్తు. కానీ నువ్వు పోయించలేదన్నావు, మరి నేను కాక ఎవరు? ఇంజను డ్రైవర్ని, ఆయిలు చూసుకోనివాణ్ణి. అందరూ అన్నది అదే. అమ్మ అనలేదు. అమ్మ అసలు మాట్లాడ్డమే మానేసింది. నేను గుమ్మంలోకొస్తే పైట సర్దుకుని దొడ్లోకి పోయేది. పద్దెనిమిదేళ్లు. చివరికి ఆవిడ చిట్టిబాబుతో చెప్పిన మాట నీకు తెలుసు. నా తలకొరివి పెద్దాడు పెట్టకూడదు అంది. నేను కాలవగట్టు మీద నిలబడి చూశాను. మీ అక్క నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఇవన్నీ నీకు తెలియనివి కావు, ఎందుకు రాశానో నాకే తెలియదు.

సరే, ఎలాగూ విప్పుతానంటున్నావు. విప్పితే ఒకటి చూసి రాయి. పిస్టను ఒక్కసారిగా పట్టేసిందా, లేక కొంతసేపు బిగుసుకుంటూ పోయి పట్టేసిందా. గీతలు చూస్తే నీకు తెలుస్తుంది. నాకు మాత్రమే రాయి. మీ అక్కకి చెప్పకు.

కోటేశ్వరరావు

---

తెనాలి,
18 ఆగస్టు 2024

బావగారికి,

నెల దాటింది. ఆలస్యానికి సాకు లేదు. నాలుగు ఉత్తరాలు రాసి చించాను.

మొదట మీరడిగింది. పోయిన నెలాఖరుకి కిక్కు రాడ్డు ఒక వేలెడు కదిలింది. హెడ్డు తీసి, పిస్టను మీద చెక్కముక్క పెట్టి కొడితే మెల్లగా దిగింది. లేతు పని చేసే మస్తాన్ దగ్గరికి పట్టుకెళ్లాను. అతను దాన్ని వెలుగులో తిప్పి చూసి, "ఇది ఒక్కసారిగా పట్టలేదండి. కొంత దూరం రాసుకుంటూ పోయింది. చుక్క ఆయిలు లేకుండా నడిపారు" అన్నాడు. నేను చూసినా అలాగే ఉంది. చుట్టూ నిలువు గీతలు, అల్యూమినియం కరిగి ఒక పొర మీద ఒక పొర సిలిండరు గోడకి అంటుకుంది.

మీ జులై ఉత్తరం చదివేదాకా మీకు తెలుసనే అనుకున్నాను. మీకేమీ తెలియదు. తెలియనివ్వకుండా చేసింది నేనే.

ఆయిలు కలపనిది మీరు కాదు. నేను.

ముందురోజు మీ బండి అడిగి తీసుకుని బాపట్ల వెళ్లాను కదా. ఉద్యోగం దరఖాస్తు ఇవ్వాలని చెప్పాను. అది అబద్ధం. సంధ్యారాణిని ఒకసారి చూడాలని వెళ్లాను. అప్పటికి మా పెళ్లి మాటలు ఇంకా నడుస్తున్నాయి, పెద్దవాళ్లకి తెలియకుండా వాళ్ల వీధిలో ఓసారి తిరిగొద్దామని. తిరిగొస్తుంటే చందోలు దగ్గర బండి రిజర్వులోకి వచ్చింది. రోడ్డు పక్క దుకాణంలో ఒక ముసలావిడ సీసాల్లో పెట్రోలు అమ్ముతోంది. రెండు సీసాలు పోయించుకున్నాను. "ఆయిలు ఇంట్లో ఉంది నాయనా, తెస్తానుండు" అని ఆవిడ లోపలికి నడిచింది. మబ్బు పట్టింది. సాయంత్రం తెనాలి రైలు అందుకోవాలి. ఆవిడ తిరిగొచ్చేలోగా నేను కిక్కు కొట్టేశాను. ఇంటికెళ్లాక బావకి చెబితే కలుపుకుంటాడులే అనుకున్నాను.

టాంకులో అడుగున మిగిలిన పాతదానితో ఎలాగో రేపల్లె చేరాను. మీరు హార్బర్లో ఉన్నారు. తాళం మేకుకి తగిలించి, అక్కకి వెళ్లొస్తానని చెప్పి స్టేషనుకి పరిగెత్తాను. రైల్లో కూర్చునేసరికి ఆయిలు సంగతి నా బుర్రలో లేదు.

అది మర్చిపోవడం. దాన్ని ఎవరైనా క్షమించగలరేమో. తర్వాతది వేరు. మర్నాడు ఆస్పత్రి వరండాలో మీరు తలకి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చుని, "ప్రసాదూ, నిన్న పెట్రోలేమైనా పోయించావా?" అని అడిగారు. నేను వెంటనే చెప్పలేదు. లోపల మావయ్యని తెల్లగుడ్డలో చుడుతున్నారు. మీ అమ్మగారు రెండు గజాల దూరంలో నేల మీద ఉన్నారు. ఆలోచించుకునే వ్యవధి నాకు ఉంది. ఆలోచించుకునే చెప్పాను. "లేదు బావా, ఉన్నదాంతోనే వచ్చాను."

ఆ మర్నెలే నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి పాఠం కందెనలు. యంత్రానికి నూనె ఎందుకు అవసరమో బోర్డు మీద రాసి చెప్పాను. ఆ పాఠం ముప్పైసార్లు చెప్పాను బావా, ఏటా.

పద్దెనిమిదేళ్లు మీ అమ్మగారు బతికున్నారు. ప్రతి ఏడూ వచ్చేవాణ్ణి. ఈసారి చెబుదాం అనుకునేవాణ్ణి. ఆవిడ నాకు మంచినీళ్లిచ్చేది. మీకివ్వని మంచినీళ్లు నాకిచ్చేది. తాగేవాణ్ణి.

సంధ్యారాణికి నిన్న చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం లేదు. మీరేం రాసినా పడతాను.

వరప్రసాదం

---

రేపల్లె,
22 సెప్టెంబరు 2024

ప్రసాదుకి,

ఉత్తరం అందింది.

మీ అక్కకి వారం రోజులు చూపించలేదు. తర్వాత చూపించాను. చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది. నీ ఆవకాయ జాడీ పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. అది మాత్రం నాకు కనపడింది. మిగతాది నాకు తెలియదు, అడగలేదు.

నాకు ఒక్కటే తిరుగుతోంది. నాన్న పోయాడు, నువ్వు చెప్పినా పోయేవాడే. నన్ను ఊరు అన్న మాటలు పోనీ. మా అమ్మరా. ఆవిడకి చెప్పి ఉంటే సరిపోయేది. నిజాంపట్నం అంతా డప్పు కొట్టమనలేదు. ఆవిడ ఒక్కదానికి. ఏ ఏడైనా. మంచం పట్టాక కూడా మూడు నెలలుంది. అప్పుడైనా. నేను గట్టు మీద నిలబడ్డ రోజు నువ్వు నా వెనకే ఉన్నావు. గొడుగు పట్టావు. ఆ గొడుగు గుర్తొస్తోంది నాకు.

నాకు చెప్పి నీ బరువు దించుకున్నావు. నాకు చెబితే సరిపోదు. అడవులదీవి పో. చిట్టిబాబుకి చెప్పు. ఈ కాగితాల మీద కాదు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పు. చెప్పాక రాయి. అప్పటిదాకా రాయకు.

కోటేశ్వరరావు

---

తెనాలి,
27 అక్టోబరు 2024

బావగారికి,

వెళ్లాను. మొన్న శుక్రవారం.

రేపల్లెలో బస్సు మారాలి. మీ వీధి మొగ వరకూ నడిచి, మీ మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. అక్క ముగ్గు వేసినట్టుంది, అంతవరకూ చూశాను.

చిట్టిబాబు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి, "ప్రసాదన్నా, ఏంటిలా వచ్చావు? అన్నయ్యకి బాగానే ఉందా?" అని లేచాడు. ఇన్నేళ్లు మాటల్లేకపోయినా మొదట అడిగింది మీ గురించే. అది మీకు చెప్పాలి.

కూర్చోమన్నాడు. కూర్చోనన్నాను. నిలబడే చెప్పాను. దుకాణం, ముసలావిడ, రైలు, ఆస్పత్రి వరండా, మీరడిగింది, నేనన్నది. మధ్యలో ఆపలేదు. అతను వల వదల్లేదు. కన్ను తర్వాత కన్ను ముడివేస్తూనే ఉన్నాడు. చివరికి అడిగాడు.

"మా అమ్మకి తెలియదా?"

"లేదు."

"ఎప్పుడూ చెప్పలేదా?"

"లేదు చిట్టిబాబూ."

అప్పుడు వల కింద పెట్టాడు. "ఆ రోజు కుండ పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే అన్నయ్య గట్టు మీద కనపడుతున్నాడు" అన్నాడు. "అన్నయ్యని పిలవండి అని ఒక్కసారి అని ఉంటే పెద్దవాళ్లు పిలిచేవాళ్లే. అమ్మ మాట దాటకూడదనుకున్నాను. మూడోసారి తిరిగేటప్పుడు అటు చూడ్డం మానేశాను." కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలికెళ్లి చొక్కా వేసుకొచ్చాడు.

"రేపల్లె పోతున్నాను. నువ్వు ముందు బస్సుకి పో. నీతో ఒక బస్సులో కూర్చోలేను" అన్నాడు.

నేను ముందు బస్సుకి వచ్చేశాను. అతను తర్వాతి బస్సు ఎక్కాడో లేదో తెలియదు.

ఇంజను సంగతి రాయొచ్చో లేదో తెలియదు. మస్తాన్ సిలిండరు బోరు చేసిచ్చాడు. కొత్త పిస్టను, రింగులు వేసి కట్టాను. నిన్న పొద్దున పదకొండో కిక్కుకి అందుకుంది. శబ్దానికి పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి చప్పట్లు కొట్టారు. అది బాగుపడిన రోజున నాలోనూ ఏదో సర్దుకుంటుందని ఆశపడ్డాను. నిమిషం నడిపి ఆపేశాను. ఏమీ సర్దుకోలేదు. సంధ్యారాణి వంటింటి కిటికీలోంచి చూసి, "నన్ను చూడ్డానికి వచ్చిన రోజా అది?" అంది. రెండు నెలల తర్వాత మొదటి మాట. ఔనన్నాను. కిటికీ మూసేసింది.

వరప్రసాదం

---

రేపల్లె,
18 నవంబరు 2024

ప్రసాదూ,

చిట్టిబాబు వచ్చాడు. నువ్వు చెప్పిన రోజునే, సాయంత్రం నాలుగింటికి. మీ అక్క తలుపు తీసి పక్కకి జరిగింది. వాడు అరుగు మీదే నా కాళ్ల దగ్గర కూర్చుని ఏదేదో అన్నాడు. నాకేం వినపడుతుంది. పెదాలు చూశాను. అన్నయ్యా అనడం తెలిసింది. తర్వాత నా పాదాలు రెండు చేతులతో పట్టుకుని తల ఆనించాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. జుట్టంతా తెల్లబడింది.

అప్పట్నుంచీ వారానికోసారి వస్తున్నాడు. ఆర్సీ పుస్తకం తెచ్చాడు. అమ్మ పెట్టె కూడా తెస్తానన్నాడు. ఊళ్లో కనపడిన ప్రతివాడికీ చెబుతున్నాడట, మా అన్నయ్య తప్పేమీ లేదు, బావమరిది చేసిన పని అని. హార్బర్లో ముసలివాళ్లు నా భుజం తడుతున్నారు. టీ ఇప్పిస్తున్నారు. నీ పేరు అక్కడ ఎలా ఉందో నీకు రాయక్కర్లేదు.

ఇదంతా నాకు హాయిగా ఉండాలి కదా. మూడు వారాలు చూశాను. మొత్తం నీ మీద వేసేసి పడుకుందామని ఎంతో ప్రయత్నించాను. కుదరడం లేదు. ఎందుకో రాస్తాను.

నీ ఆగస్టు ఉత్తరంలో ఒక మాట ఉంది. ఒక్కసారిగా పట్టలేదు, కొంత దూరం రాసుకుంటూ పోయింది అని. అది నిజం. అప్పుడు నాకు చెవులు పనిచేసేవి. చెరుకుపల్లి దాటగానే ఇంజను గొంతు మారింది. సన్నగా, బిగపట్టినట్టు. అది ఏంటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? క్లచ్చు పట్టి పక్కకి ఆపి ఉంటే చక్రం తిరుగుతూ ఆగేది. బండి పాడయ్యేది, మనిషి మిగిలేవాడు. మధ్యాహ్నం బోటు కదిలేలోగా నిజాంపట్నం చేరాలి. ఆ రోజు రాకపోతే వేరే డ్రైవర్ని పెడతామన్నారు. నాన్నని బాపట్లలో కంటి డాక్టరు దగ్గర దింపి తిరిగి పరిగెత్తాలి. అదీ నా తొందర.

నాన్న వెనకనుంచి నా భుజం తట్టాడు. "ఇంజను గొంతు తేడాగా ఉందిరా కోటేశూ, ఓసారి ఆపు" అన్నాడు.

"ఏం కాదులే నాన్నా" అన్నాను. ఇంకొంచెం యాక్సిలరేటరు ఇచ్చాను, అదే సర్దుకుంటుందని.

ఆ తర్వాత రెండు ఫర్లాంగులు.

అందుకే హెడ్డు విప్పొద్దన్నాను. అందుకే గీతలు అడిగాను. నువ్వు నీ సంగతి బయటపడుతుందని భయపడ్డావు, నేను నా సంగతి. అమ్మ నన్ను చూసి దొడ్లోకి పోయినప్పుడల్లా, ఆయిలు సంగతి కాదు, ఇది తెలిసే పోతోందనుకునేవాణ్ణి. తలకొరివి వద్దన్నప్పుడు కూడా అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు నీకు తెలిసింది.

చిట్టిబాబు నా కాళ్లు పట్టుకున్నప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వాడి తల నిమిరి ఊరుకున్నాను. నువ్వు ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టే నేను మా అరుగు మీద కూర్చున్నాను. ఆలోచించుకునే ఊరుకున్నాను. నీ మీద నాకు కోపం పోలేదు, పోతుందని మాట ఇవ్వను. కానీ ఆ రోజు నుంచీ నిన్ను తిట్టుకుందామని కూర్చుంటే మధ్యలో మాట ఆగిపోతోంది.

ఈ సంగతి మీ అక్కకి కూడా తెలియదు. నీకే మొదట రాస్తున్నాను. మిగతా అందరికీ నన్ను ఒక మాట అనే హక్కుంది. నీకు లేదు. అందుకే నీకు రాయగలిగాను.

బండి నీ దగ్గరే ఉండనీ. నడుపు. కట్టిపెట్టకు.

ఈ రోజు కార్తీక సోమవారం, మీ అక్క ఉపవాసం. బస్సులన్నీ సముద్ర స్నానాలకి పోయేవాళ్లతో నిండి ఉంటాయి. అయినా అడవులదీవి బస్సెక్కుతున్నాను. వాడింటికెళ్లి చెప్పాలి. దారిలో పోస్టు డబ్బాలో ముందు ఈ ఉత్తరం వేసి, తర్వాత బస్టాండుకి పోతాను. చెప్పకుండా తిరిగొచ్చేసే మనిషినే నేను, నా సంగతి నాకు తెలుసు. అలా వచ్చేస్తే, చెప్పావా అని అడగడానికి ఒకడుండాలి.

నువ్వు అడుగు.

మీ బావ
కోటేశ్వరరావు